కెన్యాలో పిల్లల హోమ్‌కి సేవకి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

అందరికీ ప్రైజ్ ద లార్డ్. మా చర్చ్ నుంచి రెండుసార్లు కెన్యా వెళ్ళొచ్చాం, కిసుము అనే సిటీ దగ్గర ఒక పిల్లల హోమ్‌కి. అప్పట్నుంచి వారానికి ఒకరైనా ఫోన్ చేసి సిస్టర్ మేం కూడా మా యూత్‌ని తీసుకెళ్దాం అనుకుంటున్నాం, ఏం చేయాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికి ఫోన్లో చెప్తే సగం మర్చిపోతున్నా, అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా. టికెట్ గురించి, సూదుల గురించి కూడా చెప్తా కానీ ముందు ఇంకొకటి చెప్పాలి.

మా అమ్మ గుంటూరు జిల్లాలో ఒక మిషన్ బోర్డింగ్‌లో పెరిగింది. తాతయ్య పోయాక అమ్మమ్మ కూలికెళ్ళి నలుగురు పిల్లల్ని సాకలేక ఇద్దర్ని బోర్డింగ్‌లో వేసింది. ఏటా చలికాలంలో తెల్లదొరలు వచ్చేవాళ్ళట, పిల్లలందరికీ తలకి నూనె రాసి, ఉతికిన గౌన్లు వేసి వరసలో నిలబెట్టి పాట పాడించేవాళ్ళట. ఒక ఏడు ఒక దొరసాని అమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేసి, వచ్చే ఏడు మళ్ళీ వస్తా అని చెప్పి వెళ్ళిందట. అమ్మకి ఇప్పుడు 62 ఏళ్ళు, ఆవిడ పేరు ఇంకా గుర్తే. ఆవిడ మళ్ళీ రాలేదు. నేను మొదటిసారి కెన్యా నుంచి వచ్చి ఫొటోలు చూపిస్తుంటే, నా మెడ పట్టుకుని వేలాడుతున్న ఒక పాప ఫొటో దగ్గర ఆగి "ఈ పిల్లకి అమ్మ ఉందా?" అంది. నాకు తెలీదన్నా. "పది రోజులు ఉండి అడగలేదా?" అంది. రెండో ట్రిప్ మొత్తం ఆ ఒక్క మాట మీద ప్లాన్ చేశాం, కింద రాసేదంతా దాని నుంచి వచ్చిందే.

ముందు హోమ్ ఎలాంటిదో తెలుసుకోండి (ఆరు నెలల ముందు)

అనాథ పిల్లలు అంటాం గానీ హోముల్లో ఉండే పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో, ఎవరూ లేకపోతే నానమ్మో అమ్మమ్మో బతికే ఉంటారు, ఇది కెన్యాలో ఒక్కటే కాదు చాలా దేశాల్లో అంతే. పేదరికం వల్ల, స్కూల్ ఖర్చుల వల్ల, జబ్బుల వల్ల పిల్లల్ని అక్కడ వదిలిపెడతారు. యాకోబు 1:27 మనందరికీ కంఠతా వచ్చు కదా, దిక్కులేని పిల్లల్నీ విధవరాండ్రనీ పరామర్శించమని కలిపే చెప్పాడు ఆయన, విడదీసి చెప్పలేదు. మనం మాత్రం పిల్లల దగ్గరికి విమానం ఎక్కి వెళ్తాం, ఆ పిల్లల్ని కన్న విధవరాలు పది కిలోమీటర్ల దూరంలో పూరింట్లో ఉంటే ఆమె గురించి ఒక్కరం అడగం.

కెన్యా గవర్నమెంట్ కూడా దీన్ని గట్టిగా పట్టుకుంది. 2017 నవంబర్‌లో కొత్త హోములకి రిజిస్ట్రేషన్ ఆపేశారు, 2022లో కొత్త చిల్డ్రన్ యాక్ట్ తెచ్చారు, అదే ఏడు 2022 నుంచి 2032 వరకు పదేళ్ళ ప్లాన్ ఒకటి పెట్టుకున్నారు, పిల్లల్ని మెల్లగా హోముల నుంచి కుటుంబాల్లోకి పంపాలని. కాబట్టి మిమ్మల్ని పిలుస్తున్న పాస్టర్ గారు ఎంత మంచివారైనా సరే, ఈ ప్రశ్నలు అడగండి, వాట్సాప్‌లో కాకుండా లెటర్ రూపంలో అడగండి.

హోమ్ రిజిస్ట్రేషన్ కాగితం ఉందా, ఇప్పటికీ చెల్లుతుందా? ప్రతి పిల్లవాడికీ కోర్టు నుంచి వచ్చిన కమిటల్ ఆర్డర్ (బిడ్డని హోమ్‌లో ఉంచమనే ఉత్తర్వు) ఉందా? ఎంతమందికి అమ్మానాన్నల్లో ఒకరైనా ఉన్నారు? పోయిన ఏడాది ఎంతమంది తిరిగి ఇంటికి వెళ్ళారు? సోషల్ వర్కర్ ఉన్నారా? సెలవులకి పిల్లలు బంధువుల ఇళ్ళకి వెళ్తారా? ఆ చివరి ప్రశ్న చిన్నదిలా ఉంటుంది గానీ దాంతోనే చాలా తెలుస్తుంది. మంచి హోమ్ అయితే సెలవుల్లో సగం ఖాళీ అవుతుంది. విజిటర్స్ వస్తున్నారని పిల్లల్ని సెలవుల్లో ఇంటికి పంపకుండా ఆపుతున్నారంటే మీ ట్రిప్పే ఆ పిల్లల్ని వాళ్ళమ్మకి దూరం చేస్తోందన్నమాట.

అడగ్గానే చిరాకు పడితే, లేదా రోజుకి ఇన్ని డాలర్లు కడితే పిల్లలతో ఎంతసేపైనా ఉండొచ్చు అంటే, ఎవరొచ్చినా గేటు తీసేస్తుంటే అక్కడికి వెళ్ళకండి. విదేశీ సందర్శకుల డబ్బు కోసమే పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి పెట్టే హోములు నేపాల్, కంబోడియాల్లో బయటపడ్డాయి, ఆస్ట్రేలియా పార్లమెంట్ దాకా వెళ్ళిన విషయం ఇది.

అసలు వెళ్ళాలా అన్నది కూడా ప్రార్థనలో పెట్టండి. మా ఏడుగురికీ టికెట్లకే 4,70,000 అయింది. మొదటిసారి మేం అక్కడ ఖర్చుపెట్టింది అందులో పదో వంతు కూడా లేదు. వెళ్ళొద్దని నేను అనట్లేదు, వెళ్తే ఆ డబ్బుకి తగ్గ పని ఉండాలి అంటున్నా.

ఏం పని చేయడానికి వెళ్తున్నారు?

పిల్లల్ని ఆడించడానికి అయితే వద్దు. పది రోజులకి ఒక కొత్త టీమ్ రావడం, ఎత్తుకోవడం, ముద్దు చేయడం, వెళ్ళిపోవడం, ఏడాదికి ఆరుసార్లు ఇలా జరిగితే ఆ బిడ్డ ఏమైపోతుంది చెప్పండి. కొత్తవాళ్ళు కనపడగానే పరిగెత్తుకొచ్చి మెడ పట్టుకునే పిల్లల్ని చూసి మనం అబ్బ ఎంత ప్రేమో అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నా. సొంత మనిషి ఉన్న పిల్ల కొత్తవాళ్ళని చూస్తే అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది, మన ఇళ్ళల్లో పిల్లల్ని చూడండి మీకే తెలుస్తుంది.

అక్కడ రోజూ ఉండే ఆయాలకి, వార్డెన్లకి, సోషల్ వర్కర్‌కి ఏం కావాలో అడగండి. రెండోసారి మా టీమ్‌లో ఒక ఎలక్ట్రీషియన్ బ్రదర్, ఒక ప్లంబర్, కుట్టు నేర్పే ఆంటీ ఒకరు, అకౌంట్స్ చూసే సిస్టర్, ఒక నర్స్ ఉన్నారు. వైరింగ్ అంతా మార్చారు, వాటర్ ట్యాంక్ లీకేజీ బాగుచేశారు, అకౌంట్స్ సిస్టర్ వాళ్ళ లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం నేర్పింది, ఆంటీ అయితే హోమ్‌లో ఉన్న పిల్లల తల్లులకే, ఊళ్ళోనుంచి పిలిపించి, పదకొండు మందికి స్కూల్ యూనిఫాం కత్తిరించడం కుట్టడం నేర్పింది. పిల్లలతో మేం గడిపింది సాయంత్రం ఒక గంట, అది కూడా అక్కడి టీచర్లే నడిపించారు, మేం వెనక నిలబడి వంట సామాన్లు మోశాం.

నర్సులు, డాక్టర్లు ఉంటే ఒక జాగ్రత్త. అక్కడి మెడికల్, నర్సింగ్ కౌన్సిల్ పర్మిషన్ లేకుండా వైద్యం చేయకూడదు, మందులు పంచకూడదు. ఏ బిడ్డకి ఏ జబ్బుందో అడగకూడదు కూడా, అటువైపు హెచ్ఐవి ఎక్కువ, ఆ విషయం బయటికి వస్తే బిడ్డ బతుకు పాడవుతుంది.

ఇంకోటి, సువార్త చెప్పడానికి వెళ్తున్నాం అని ఫ్లెక్సీ వేయించకండి దయచేసి. 2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో 85 శాతం పైగా క్రైస్తవులే. మన కంటే వాళ్ళ దగ్గరే ఆరాధన ఎక్కువసేపు జరుగుతుంది. వాళ్ళ చర్చ్ కింద పనిచేయడానికి వెళ్ళండి.

తేదీలు

మనకి సమ్మర్లో వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిల్ స్కూల్) అయిపోగానే మేలో ఖాళీ కాబట్టి అప్పుడే అనుకుంటాం. అక్కడ మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, మట్టి రోడ్లు ఉన్న ఊళ్ళకి కార్లు వెళ్ళవు. స్కూళ్ళు జనవరిలో మొదలై మూడు టర్ములు, ఏప్రిల్‌లో ఆగస్టులో సెలవులు, నవంబర్ డిసెంబర్ పెద్ద సెలవులు. రిపేర్ పనైతే చాలామంది పిల్లలు ఇళ్ళకి వెళ్ళిన ఆగస్టులో బాగుంటుంది, మేం అలాగే వెళ్ళాం, ఖాళీ గదుల్లో హాయిగా పనైంది. జూన్ నుంచి ఆగస్టు వరకు నైరోబీలో చలి, రాత్రి 12 డిగ్రీలకి దిగుతుంది, ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెటర్ లేకుండా వెళ్ళకండి.

కాగితాలు (మూడు నెలల ముందు)

పాస్‌పోర్ట్ ఆరు నెలలు చెల్లుబాటు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. కెన్యాకి ఇప్పుడు వీసా లేదు, 2024 జనవరి నుంచి ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్లో తీసుకోవాలి, ఫీజు 30 డాలర్లు. గవర్నమెంట్ సైట్ లాగే కనిపించే ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి, రెండింతలు మూడింతలు గుంజుతాయి, అడ్రస్ చివర గవర్నమెంట్‌దే అవునో కాదో చూసి కట్టండి. జీతం లేని వాలంటీర్ పని కూడా అక్కడ పని కిందే లెక్క, దానికి స్పెషల్ పాస్ అని విడిగా ఉంటుంది, మీ పనికి అది కావాలో లేదో హోస్ట్ చర్చ్ వాళ్ళని అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీస్‌లో అడిగి మెయిల్ పెట్టమనండి. టూరిస్ట్ అని రాసి సేవకి వెళ్ళడం అబద్ధమే, దేవుని పని అబద్ధంతో మొదలుపెట్టొద్దు.

టీమ్‌లో ప్రతి ఒక్కరూ, పాస్టర్ గారితో సహా, పోలీస్ క్లియరెన్స్ తీసుకోవాలి. పాస్‌పోర్ట్ సేవా సైట్‌లోనే అప్లై చేయాలి, 500 ఫీజు. మా పాస్టర్ గారు అందరికంటే ముందు ఆయనే తీసుకుని చర్చ్‌లో చూపించారు, దాంతో ఇంకెవరూ నన్నే అనుమానిస్తారా అని అనలేదు. హోమ్ వాళ్ళు అడక్కపోయినా ఇవ్వండి.

డబ్బు సంగతి. చేతిలో డాలర్ నోట్లు మనిషికి 3,000 వరకు తీసుకెళ్ళొచ్చు, పాత నోట్లు తీసుకోరు కాబట్టి కొత్తవి అడిగి తీసుకోండి. అక్కడ కూరగాయల బండి దగ్గర కూడా ఎం-పేసానే, మన ఫోన్‌పే లాగా, 2007లోనే మొదలైంది అది. చర్చ్ ట్రస్ట్ అకౌంట్ నుంచి నేరుగా విదేశానికి పంపే ముందు సీఏని కచ్చితంగా అడగండి, ట్రస్ట్ డబ్బు దేశం బయట ఖర్చు పెడితే ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపుకి చిక్కు వస్తుంది. చందా వసూలు చేసింది ఎంత, ఖర్చు ఎంత అన్నది సంఘం ముందు చదవండి.

సూదులు, మందులు (రెండు నెలల ముందు)

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ఇండియా నుంచి వెళ్ళేటప్పుడు కెన్యా వాళ్ళు అడక్కపోవచ్చు, తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్ట్‌లో పసుపు కార్డు (ఈ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్) లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. ఊళ్ళో ఏ హాస్పిటల్‌లో పడితే అక్కడ వేయరు, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఏ రోజు వేస్తారో కనుక్కుని వెళ్ళండి. గుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు, 60 దాటినవాళ్ళు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి, ఇది తేలకుండా వాళ్ళకి టికెట్ బుక్ చేయొద్దు. టైఫాయిడ్, టెటనస్, హెపటైటిస్ ఎ గురించి కూడా అప్పుడే అడగండి.

నైరోబీ ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ మలేరియా తక్కువ, కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, అక్కడా, సముద్రం ఒడ్డున ఉన్న మొంబాసా వైపూ మలేరియా ఎక్కువ. నివారణ మాత్రలు డాక్టర్ రాసివ్వాలి, కొన్ని వెళ్ళే ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి వచ్చాక కూడా వాడాలి, డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు. ఇంటికొచ్చాం కదా అని మధ్యలో మానేస్తారు చాలామంది, మానొద్దు. దోమతెర కింద పడుకోండి. సరస్సు ఎంత అందంగా ఉన్నా నీళ్ళలో కాళ్ళు పెట్టొద్దు, బిల్హార్జియా అనే పురుగు చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది.

టీమ్ ట్రైనింగ్ (ఆరు ఆదివారాలు)

దీన్ని మాత్రం తీసేయకండి. ఆరాధన అయ్యాక గంట చొప్పున ఆరు వారాలు కూర్చున్నాం. రూల్స్ కాగితం మీద రాసి అందరం సంతకం పెట్టాం. ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఒక గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. పిల్లల గదుల్లోకి, బాత్రూముల వైపుకి వెళ్ళకూడదు. ఫోన్ నంబర్ ఇవ్వకూడదు, ఇన్‌స్టాలో ఫ్రెండ్ అవ్వకూడదు. ఒక్క బిడ్డకే గిఫ్ట్ ఇవ్వకూడదు. మీ అమ్మానాన్న ఎలా పోయారు అని అడగకూడదు, సాక్ష్యం చెప్పు బాబూ అని స్టేజీ ఎక్కించకూడదు. తేడా ఏదైనా కనిపిస్తే హోమ్ మేనేజర్‌కి, ఆయన మీదే అనుమానమైతే 116కి ఫోన్ చేయాలి, మన 1098 లాంటి చైల్డ్ హెల్ప్‌లైన్ అది.

ఫొటోల దగ్గర మా యూత్‌తో చాలా వాదన అయింది. ముఖాలు కనిపించే ఫొటో స్టేటస్‌లో పెట్టకూడదు, చర్చ్ స్క్రీన్ మీద కూడా వేయకూడదు. ఒక తమ్ముడు అక్కా ఫొటో లేకపోతే చందా ఇచ్చినవాళ్ళు ఎలా నమ్ముతారు అన్నాడు, నిజమైన ప్రశ్నే, ఆ రోజు మా అమ్మని పిలిచి మాట్లాడించా. వరసలో నిలబడి ఫొటో దిగడం ఎలా ఉండేదో ఆమె చెప్పింది, ఆకలేస్తున్నా నవ్వమనేవాళ్ళు, ఆ ఫొటో ఎవరింటి గోడ మీద ఉందో ఇప్పటికీ తెలీదు అంది. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. మేం వైరింగ్ బోర్డు, ట్యాంకు, కుట్టిన యూనిఫాంలు ఫొటో తీసుకొచ్చి చూపించాం, చందా తగ్గలేదు. కెన్యాలో 2019లో డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా వచ్చింది, పిల్లల ఫొటోకి పెద్దల అనుమతి కావాలి.

ఒక ఆదివారం నాటకంలా వేసి ప్రాక్టీస్ చేయండి. ఒకరు బిడ్డగా నటించి నన్ను మీ ఊరు తీసుకెళ్ళు, నిన్ను అమ్మా అని పిలవనా అని అడగాలి, మిగతావాళ్ళు జవాబు చెప్పాలి. చెప్పి చూస్తే గానీ ఎంత కష్టమో తెలీదు. నేను ఫలానా రోజు వెళ్ళిపోతాను అని మొదటి రోజే చెప్పాలి. మళ్ళీ వస్తా అనే మాట నోట్లోంచి రాకూడదు.

నాలుగు ముక్కలు స్వాహిలీ నేర్చుకోండి. బ్వానా అసిఫివే అంటే ప్రభువుకి స్తోత్రం, ఆమేన్ అని జవాబిస్తారు. అసాంతె అంటే థాంక్స్, పోలె అంటే అయ్యో పాపం, సారీ రెండూ, వటోటో అంటే పిల్లలు. కిసుము వైపు ఇళ్ళల్లో లువో మాట్లాడతారు, ఇంగ్లీష్ కూడా బాగానే వస్తుంది.

సర్దుకోవడం

ముఖ్యంగా ప్లాస్టిక్ కవర్లు. 2017 ఆగస్టు 28 నుంచి కెన్యాలో క్యారీ బ్యాగులు నిషేధం, ఫైన్లు మామూలుగా ఉండవు. మనం ఆవకాయ సీసా నాలుగు కవర్లలో చుడతాం, చెప్పులు ఇంకో కవర్లో పెడతాం, అవన్నీ తీసేసి గుడ్డ సంచులు వాడండి, డ్యూటీ ఫ్రీ కవర్ విమానం దిగేముందే వదిలేయండి. ప్లగ్గు మన గుండ్రటి పిన్నులది కాదు, మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ టైపు, అడాప్టర్ కావాలి. మిలటరీ డిజైన్ ప్యాంట్లు వద్దు, అక్కడ మామూలు జనం అవి వేసుకోకూడదు.

బొమ్మలు, పాత బట్టలు సూట్‌కేసుల్లో నింపుకెళ్ళొద్దు. బియ్యం, చిక్కుళ్ళు, శానిటరీ ప్యాడ్లు, నోట్‌బుక్కులు అన్నీ కిసుములో కిబుయె సంతలో దొరుకుతాయి, అక్కడే కొని మేనేజర్ చేతికి ఇవ్వండి, పిల్లల చేతికి కాదు.

తిండికి భయపడక్కర్లేదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, మన సంకటి లాగే చేత్తో తినడమే, దానికి సుకుమా వికి అనే ఆకుకూర, ఆ పేరుకి వారం నెట్టుకురావడం అని అర్థం. చపాతీ, చాయ్ వాళ్ళ సొంత వంటలైపోయాయి. మొంబాసా నుంచి కిసుము దాకా రైలు పట్టాలు వేసింది ఎక్కువగా అప్పటి మన దేశం నుంచి వెళ్ళిన కూలీలే, 1901లో కిసుము చేరాయి, అది తెలిసి ఆ స్టేషన్ దగ్గర నిలబడితే మనసు ఎలాగో అయిపోయింది. పెట్టింది తినండి, ఆవకాయ మీ గదిలోనే ఉంచుకోండి.

వచ్చాక

మొదటి రెండు వారాల్లో టీమ్ అంతా ఒకసారి కూర్చుని ఏం చూశామో మాట్లాడుకోండి, కొందరికి నిద్ర పట్టదు, ఏడుపొస్తుంది, అది బలహీనత కాదు. సంఘానికి రిపోర్ట్ ఇచ్చేటప్పుడు పాపం ఆ పిల్లలు అనే మాటలు లేకుండా, ఆ బిడ్డల తల్లులు వెనక బెంచీలో కూర్చుని వింటున్నారనుకుని మాట్లాడండి.

రెండో ట్రిప్‌లో ఆ ఫొటోలో పాప గురించి సోషల్ వర్కర్‌ని అడిగా. అమ్మ ఉంది, చేపలు ఎండబెట్టి అమ్ముకుంటుంది, హోమ్‌కి పద్నాలుగు కిలోమీటర్లు. అమ్మ దగ్గర ఉండటానికి అడ్డమైంది ఇంటి పైకప్పు, ఫీజు, యూనిఫాం, అంతే. మా చర్చ్ స్త్రీల సమాజం వాళ్ళు నెలనెలా పంపేది ఇప్పుడు హోమ్‌కి కాకుండా, సోషల్ వర్కర్ ద్వారా అలాంటి ఐదు ఇళ్ళకి వెళ్తోంది. పాప అమ్మ దగ్గరే ఉంది. వచ్చి చెప్తే మా అమ్మ ఏమీ అనలేదు, ఆ నెల తన పెన్షన్‌లోంచి వెయ్యి రూపాయలు తీసి కవర్లో పెట్టిచ్చింది.

చివరిగా ఒకటి, తిరిగొచ్చాక ఏడాది లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టర్‌కి నేను కెన్యా వెళ్ళొచ్చాను అని మొదటి మాటగా చెప్పి మలేరియా టెస్ట్ చేయించుకోండి, మామూలు జ్వరమే అని డోలో వేసుకుని పడుకోవద్దు. పసుపు కార్డు పాస్‌పోర్ట్‌తో పాటే దాచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.